పాతబడినట్టు తయారుచేసిన బేస్ గిటార్ తిరుపతి వాతావరణానికి తట్టుకుంటుందా?

తిరుపతిలో ఉంటాను, పెళ్లి వేడుకల ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. జీవితాంతం ఉంచుకునే వాయిద్యం కోసం డబ్బు కూడబెట్టాను. మనసంతా అమెరికా గిటార్ల సంస్థ ఫెండర్‌కు చెందిన ప్రత్యేక తయారీ విభాగం, కస్టమ్ షాప్, చేసే జాజ్ బేస్ మీదే ఉంది. 1960లో మొదలైన ఆ నమూనాను అనుసరించి, కొత్త గిటారుకే రంగు పెచ్చులూడినట్టు, లోహపు భాగాలు వన్నె తగ్గినట్టు చేతిపనితో తెచ్చిన రకం.

ఆ అరుగుదలను కొందరు నకిలీ అంటారు. నేను ఒప్పుకోను. గిటారు మెడ (తంతులు నొక్కే పొడవాటి భాగం) వెనుక పూత అరిగి ఉంటే బొటనవేలు అంటుకోకుండా జారుతుంది. చెమట పట్టే మన ఊళ్లో అది చిన్న సుఖం కాదు.

నా భయమల్లా చెక్క గురించే. ఇలాంటి బేస్‌లకు సాధారణంగా వేసే పాతకాలపు పూత, నైట్రోసెల్యులోజ్ లాకర్, పాలియెస్టర్ పూతకన్నా సున్నితం. కొన్ని రకాల రబ్బరు స్టాండుకు ఆనించినా మచ్చపడుతుంది. పూత ఊడినచోట చెక్క నేరుగా గాలికి తగులుతుంది. మే నెల ఎండకూ, నవంబరు వానల తేమకూ మెడ ఎంత వంగుతుంది? పైగా మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ (ట్రస్ రాడ్) మర, పాత పద్ధతిలో మెడ గిటారు ఒంటికి కలిసే చివర ఉంటుంది. సరిచేయాలంటే తంతులు వదులుచేసి మెడ విప్పాల్సి రావచ్చు.

ఇలాంటి బేస్‌ను రాయలసీమలో గానీ చెన్నైలో గానీ వాడుతున్నవారు దయచేసి చెప్పండి: ఏడాదికి ఎన్నిసార్లు సరిచేయించాల్సి వస్తోంది? తిరుపతిలో ఆ పని నమ్మకంగా చేసేవారున్నారా, ప్రతిసారీ చెన్నై వెళ్లాలా? విదేశం నుంచి తెప్పించుకున్నవారు ఉంటే, కస్టమ్స్ సుంకంతో కలిపి మొత్తం ఎంతయిందో కూడా తెలపండి.