సంక్రాంతి సంబరాలు, ఈస్ట్ హామ్ (లండన్): చారిటీ స్టాల్, బొమ్మల కొలువు మెట్ల గురించి

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. హాల్ ఖరారైంది, సంక్రాంతి తర్వాత వచ్చే శనివారం. ముగ్గులు, భోగిపళ్ళు, వంటలు పోయినేడాది టీములే చూస్తున్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ వద్దు. ఈసారి చారిటీ వసూళ్ళు లండన్ వడ్రంగుల గిల్డ్‌కి చెందిన ట్రస్టుకి, కుర్రాళ్ళకు నిర్మాణ పనులు నేర్పడానికి ఇద్దామని కమిటీ ఆలోచన. దానికి తగ్గ పిల్లల స్టాల్ ఒకటి కావాలి. ఐడియాలు రాయండి.

వంటల టీమ్:
గిల్డ్ అంటే యూనియనా అండీ?

సైట్ ఇంజనీర్:
కాదక్కా. లండన్ సిటీలో, అంటే ఊరి పాత నడిబొడ్డులో, ఒక్కో వృత్తికి ఒక్కో పాత సంఘం ఉంది, లివరీ కంపెనీలంటారు. ఇప్పటికీ వందకు పైగా ఉన్నాయి. వడ్రంగులకు 1477లో, ఇటుక పని, పెంకు పని వాళ్ళకు 1568లో రాజు, రాణుల నుంచి చార్టర్లు (హక్కు పత్రాలు) వచ్చాయి. అప్పట్లో వీళ్ళను కాదని సిటీలో బయటివాడు పని చేసుకోవడం కష్టం. 1666లో ఊరు తగలబడ్డాక తిరిగి కట్టడానికి చేతులు చాలక, 1667 చట్టం బయటి పనివాళ్ళను లోపలికి రానిచ్చింది. అక్కణ్ణుంచి పట్టు సడలుతూ వచ్చింది. పెత్తనం పోయినా ఆస్తులు మిగిలాయి, వాటి మీద వచ్చేదాంట్లో కొంత చదువులకూ దానధర్మాలకూ పోతోంది. వడ్రంగుల కంపెనీ 1893లో పెట్టిన బిల్డింగ్ క్రాఫ్ట్స్ కాలేజీ ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉంది, అంటే మన న్యూహామ్ బరోలోనే. మనలో సగం మంది రోజూ ఆ స్టేషన్ మీదుగానే ఆఫీసుకి పోతాం, ఒక్కళ్ళకీ తెలీదు.

కల్చరల్ టీమ్:
మరి అంత ఆస్తులున్నవాళ్ళకు మన పది పౌండ్లు ఎందుకు? హైదరాబాద్‌లో న్యాక్ (నిర్మాణ పనులు నేర్పే జాతీయ అకాడమీ) ఉంది, 1998 నుంచి పల్లెటూరి పిల్లలకు తాపీ పని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ నేర్పిస్తోంది. ఇచ్చేదేదో అలాంటి చోటికి ఇద్దాం. నేను వ్యతిరేకించట్లేదు, అడుగుతున్నాను.

ట్రెజరర్:
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. మన సంఘం ఇక్కడ రిజిస్టరైంది కాబట్టి మనం పంపేది ఇండియా లెక్కలో విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికోసం ప్రత్యేక ఖాతా ఉండాలి. ఒక సాయంత్రం వసూళ్ళకు అంత కాగితాల పని నేను పెట్టుకోలేను. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి విడిగా పంపుకుంటే అది విదేశీ విరాళం కిందికి రాదు. అలా పంపాలనుకునేవాళ్ళను ఎవరూ ఆపరు.

సైట్ ఇంజనీర్:
గిల్డ్‌కి డబ్బుందన్నది నిజమే. నాకైతే ఆ పది పౌండ్లకన్నా స్టాల్ ముఖ్యం. మన ఇళ్ళలో ఇప్పటికీ ‘చదవకపోతే తాపీ పట్టుకోవాల్సి వస్తుంది’ అని పిల్లల్ని బెదిరిస్తాం. ఇక్కడ సైట్‌లో మంచి బ్రిక్‌లేయర్ దొరక్క నేను వారాల తరబడి పని ఆపుకుని కూర్చుంటున్నా. జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్షలు) తర్వాత ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) ఒక్కటే దారి కాదు. టీ లెవెల్ అని రెండేళ్ళ కోర్సు 2020 నుంచి ఉంది, మొదటి విడతలోనే నిర్మాణ రంగం డిజైన్, సర్వేయింగ్ వచ్చాయి. మూడు ఏ లెవెల్స్‌తో సమానం, పైగా కనీసం 45 రోజులు కంపెనీలో పని. దాని మీద యూనివర్సిటీకీ వెళ్ళొచ్చు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో పెద్దక్షరాలతో ఒక బోర్డు మీద రాసి పెడదాం, పిల్లలకు కాదు, వాళ్ళను తీసుకొచ్చే అమ్మానాన్నలకు.

వంటల టీమ్:
మా వాడికి ఆ బోర్డు చూపిస్తే మా ఆయన నన్ను ఇంట్లోంచి పంపించేస్తారు 😄 అయినా పెట్టండి. వాడికి కోడింగ్ అంటే ఏడుపు, లెగో అంటే ప్రాణం.

పిల్లల స్టాల్:
నాకొక ఆలోచన. ఏటా బొమ్మల కొలువు అట్టపెట్టెల మీద చీర కప్పి పెడుతున్నాం, పోయినేడు మధ్య మెట్టు కుంగి దశావతారాల్లో వామనుడి గొడుగు విరిగింది. ఈసారి ఆ మెట్లను పిల్లల చేతే చెక్కతో కట్టిద్దాం. అయిదు మెట్లు. అదే స్టాల్, అదే కొలువు.

సైట్ ఇంజనీర్:
ఇది చాలా బాగుంది వదినా! చెక్కలు ఇంట్లో కోసి, రంధ్రాలు వేసి, అంచులకు గరుకు కాగితం పట్టి తెస్తా. హాల్లోకి రంపం రాకూడదు. జిగురు వద్దు, ఆరేలోపు సంబరాలు అయిపోతాయి. స్క్రూలే వాడితే విప్పి దాచుకుని వచ్చే ఏడాది మళ్ళీ బిగించొచ్చు. చేత్తో తిప్పే స్క్రూడ్రైవర్లే ఇద్దాం. ప్రతి మెట్టు మీదా రసమట్టం పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చాకే తర్వాతి మెట్టుకి వెళ్ళాలి. పిల్లలు దానికోసం కొట్టుకుంటారు చూడండి. ఇటుక గోడ కూడా కట్టిద్దామనుకున్నా గానీ మానేశా. కాలేజీల్లో గోడ విప్పి ఇటుకలు మళ్ళీ వాడుకోవడానికి సిమెంటు లేకుండా సున్నం, ఇసుకతో మాలు కలుపుతారు. ఆ సున్నం కళ్ళలో పడితే ప్రమాదం. హాల్ కార్పెట్ సంగతి సరే సరి.

కోఆర్డినేటర్:
ఖాయం. పదకొండింటికి మెట్లు మొదలు, మూడింటికి బొమ్మలు ఎక్కాలి, భోగిపళ్ళు ఆ తర్వాతే. ప్రతి పిల్లకీ తల్లో తండ్రో పక్కనే ఉండాలి, వదిలేసి టిఫిన్ లైన్‌లోకి పోవడం కుదరదు. ట్రస్టు నుంచి వాళ్ళ పేరు వాడుకోవచ్చని ఉత్తరం వచ్చేదాకా ఎవరూ పోస్టర్ షేర్ చెయ్యొద్దు.

ట్రెజరర్:
వసూళ్ళ గురించి రెండు మాటలు. ఇక్కడ ట్యాక్స్ కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ (విరాళానికి ప్రభుత్వం పన్ను డబ్బు కలిపే పథకం) ఫారం నింపితే పది పౌండ్లు ట్రస్టుకి పన్నెండున్నర అవుతాయి, కాబట్టి పెన్నులు ఎక్కువ పెట్టండి. రాఫిల్ (బహుమతుల లాటరీ) టికెట్లకు అది వర్తించదు, ఆ డబ్బా వేరేగా ఉండాలి. లైసెన్స్ లేకుండా రాఫిల్ పెట్టాలంటే టికెట్లు కార్యక్రమం జరుగుతుండగా అక్కడే అమ్మాలి, ముందే వాట్సాప్‌లో అమ్మకండి. వచ్చినదాంట్లోంచి బహుమతులకు 500 పౌండ్లు, ఖర్చులకు 100 మించి తీయకూడదు. కుంకుమ భరిణెల సెట్ ఎవరో ఇస్తామన్నారు, అది ఉచితంగా వచ్చింది కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

కల్చరల్ టీమ్:
సరే, నేను బోర్డు రాస్తా. నా అక్షరాలు బాగుంటాయి. టీ లెవెల్ వివరాలు శుక్రవారంలోపు పంపన్నా. పక్కనే న్యాక్ గురించి కూడా రెండు లైన్లు రాస్తా, అడ్డు చెప్పొద్దు.

సైట్ ఇంజనీర్:
రాయి. నాక్కావాల్సింది ఆదివారం చెక్కలు కోయడానికి ఇద్దరు మనుషులు, ఎస్టేట్ కారు ఒకటి. ఇంకో రసమట్టం ఎవరింట్లోనైనా ఉందా?

వంటల టీమ్:
మా ఆయన దగ్గర ఉంది. ఎందుకని చెప్పకుండా పట్టుకొస్తా.