జాతర తొక్కిన పొలానికి సబ్‌సాయిలర్ పెట్టాలా, వద్దా?

వాగొడ్డు: మేడారంల జంపన్నవాగు పక్క పొలాలు మాఘ పౌర్ణమి జాతరకు గుడారాలు, పొయ్యిలు, బండ్ల కిందికి పోతయి. ఆ ఏడు యాసంగి పంట మీద ఆశ లేదు. మరి వానకాలానికి సబ్‌సాయిలర్‌తో, అంటే అడుగు గట్టి పొరను చీరే ట్రాక్టరు కొక్కెంతో, లోతుగా చీరాలని కొందరు, డీజిల్ దండుగని కొందరు అంటున్నరు. లెక్కతో చెప్పండి.

చల్కనేల: చీరాల్సిందే. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే ఉబ్బుతది, కొంతవరకు తనకు తనే గుల్లబడతది. ఎర్ర చల్కకు ఆ గుణం లేదు, అణిగితే అణిగినట్టే. ఘనపు సెంటీమీటరుకు 1.4 గ్రాములు తూగే ఇసుకపాలు నేల 1.7 దాటిందంటే వేరు దిగుడు కష్టం. పత్తి తల్లివేరు గట్టి పొర తగలంగనే మోకాలు మడిచినట్టు పక్కకు తిరుగుతది. ఆగస్టులో పది రోజులు వాన మొహం చాటేస్తే ముందు వాడేది ఆ చెట్లే. 40–45 సెం.మీ. లోతు, మీటరుకొక సాలు, 45–50 హెచ్‌పీ ట్రాక్టరు. ఇంకో దారి లేదు.

కొలిచిచూడు: అడుగు వేరు, చక్రం వేరండీ. 70 కిలోల మనిషి పాదం చదరపు సెం.మీ.కు అరకిలో అటూ ఇటూ ఒత్తుతుంది. ఎంతమంది నడిచినా ఆ దెబ్బ చాలావరకు పై 10–15 సెం.మీ.లోనే. కిందికి దిగేది ఇరుసు మీది బరువు, అంటే నిండా ఎక్కించిన బస్సు, లారీ. అదీ నేల తడిగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. పొలమంతా ఒకే మందు ఎందుకు?

గట్టి పొర ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో తెలియాలంటే ముందు చువ్వ గుచ్చండి. 10–12 మి.మీ. ఇనుప చువ్వకు అడ్డపిడి పెట్టి, మంచి వాన పడ్డాక రెండు రోజులాగి, నిదానంగా నొక్కాలి. ఎకరానికి 15–20 చోట్లు. ఎండిన చల్కలో గుచ్చి గట్టిగా ఉందనుకోవద్దు, ఎండితే తొక్కని నేల కూడా గట్టిగానే ఉంటుంది. అనుమానం తీరకపోతే 15 సెం.మీ. వెడల్పు డబ్బాకు అడుగు కోసేసి, సగం దాకా దిగ్గొట్టి 440 మి.లీ. నీళ్లు పోయండి. అది 2.5 సెం.మీ. వానతో సమానం. ఇంకాక మళ్లీ అంతే పోసి, ఆ రెండోసారి పట్టిన నిమిషాలు రాసుకోండి. తొక్కుడు పడని కంచె మూలలో కూడా అదే చేసి పోల్చండి, అక్కడికంటే చాలా ఎక్కువసేపు పడితే నేల అణిగినట్టే.

వరిమడి: ఏ పంట వేస్తరని ఇద్దరిల ఒక్కరన్న అడిగిండ్రా? వరి మడిల ట్రాక్టరుకు ఇనుప చక్రాలు, అవే కేజ్‌వీల్స్, పెట్టి దమ్ము చేసి, 15–20 సెం.మీ. కింద గట్టి పొర మనమే తయారుచేస్తున్నం. నీళ్లను నిలబెట్టేదే అది. దాన్ని చీరితే బోరు రాత్రంత పోసినా తెల్లారేసరికి మడి ఎండుతది. జనం తొక్కింది నానబెట్టి దమ్ము చేస్తే కలిసిపోతది.

వరికి అసలు తిప్పలు సీసా పెంకులు. ఏరకముందు రోటవేటర్ తోలితే ఒక్క సీసా వంద ముక్కలయి బురదల కలుస్తది, నాట్లేసే ఆడోళ్ల కాళ్లు కోసుకపోతయి. ముందు చేత్తో ఏరాలె, తర్వాత కల్టివేటర్ పైపైన ఒక సాలు తోలి మళ్లీ ఏరాలె. కవర్లు కూడ వదలొద్దు. పొరలు పొరలుగ పూడుకపోతే వాటి మీద పడ్డ గింజకు వేరు దిగదు.

చల్కనేల: వరి మడికి ఒప్పుకుంట. మరి వానకాలం వరి, యాసంగి మక్క వేసే మడి సంగతేంది? బండ్లు నిలిపేటందుకు మొరం పోసిన చోటేంది?

కొలిచిచూడు: మక్క కోసం ఆ పొరను చీరితే వరికి నీళ్లు పోతాయి. మక్కను బోదెల మీద వేసుకోవడమే మేలు. మొరం మీద మాత్రం నాగలి పెట్టకండి, ఒకసారి కలిసిందంటే ఏరడం ఎవరి తరమూ కాదు. బ్లేడుతో గీకి ఎత్తిపోయించాకే దున్నకం.

సబ్‌సాయిలర్ మెట్ట పంట వేసే చోట, బండ్లు తిరిగిన పట్టీలకే చాలు. అదీ మార్చి–మే మధ్య, నేల ఎండినప్పుడు. ఎండిన మట్టి లేచి పగుళ్లిస్తుంది. తడిగా ఉంటే సబ్బు కోసినట్టు సాలు పడుతుంది తప్ప పక్క మట్టి కదలదు. 35 సెం.మీ. లోతు మట్టి తీసి అరచేతుల మధ్య చుట్టండి. 3 మి.మీ. సన్నటి పుల్లగా సాగితే ఆగాలి, పొడిపొడిగా విరిగితే తోలొచ్చు. ఆ తర్వాత ఎకరానికి 15 కిలోల జనుము చల్లి, 45 రోజులకు పూత మీద కలియదున్నండి. వేర్లు పట్టకపోతే చీరిన సాలు ఒకట్రెండు పంటల్లోనే మళ్లీ అణుగుతుంది.

చల్కనేల: వానమీది నేలల జనుముకు 45 రోజులు పోతే పత్తి విత్తుడు జులై ఆఖరుకు పడతది. అది పత్తి కాదు, పుల్లలు.

కొలిచిచూడు: అయితే ఆ పట్టీలో ఈ ఏడు పత్తి మాని కంది వేయండి. దాని వేరు పత్తి కంటే మొండిది.

చల్కనేల: కంది సరే. కాని పావెకరం పట్టీకి సబ్‌సాయిలర్ పట్టుకొని ఎవడస్తడు? కిరాయి గంట లెక్క. పక్క నాలుగు పొలాలోళ్లు కలిసి ఒకటే రోజు పిలిస్తేనే గిట్టుబాటు.