స్టేజీ మీద ఇంగ్లీషులో మాట్లాడితే యాసకు మార్కులు తగ్గించవచ్చా?

హన్మకొండ విద్యార్థిని:
మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కాలేజీ పోటీలో మిషన్ కాకతీయ, చెరువుల పూడికతీత గురించి ఏడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాను. అందరికీ అర్థమైంది, చాలామంది ప్రశ్నలు కూడా అడిగారు. కానీ ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అన్నానని, ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’ అన్నానని ఒక జడ్జి మార్కులు తగ్గించారు. ఇది న్యాయమేనా?

కరీంనగర్ టీచర్:
న్యాయం కాదమ్మా. మాట మొదట ఎ, ఒ వస్తే ముందు కాస్త య, వ తగిలించి పలకడం మన నాలుకకు తెలుగు నేర్పిన అలవాటు. అసలు ఇంగ్లీషే మాతృభాష అయిన వాళ్లు మాత్రం ఒకేలా పలుకుతారా? స్కాట్లాండ్ వాళ్లు ‘కార్’లో చివరి ర్ గట్టిగా పలుకుతారు, లండన్‌లో చాలామంది పలకనే పలకరు. యాస బలంగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు.

కాజీపేట సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మేడమ్, సగమే ఒప్పుకుంటాను. నేను ఫోన్‌లో ‘ఫిఫ్టీన్’ అంటే అమెరికా క్లయింట్ ‘ఫిఫ్టీ’ అని రాసుకున్నాడు. నేను బరువంతా ‘ఫిఫ్’ మీద వేశాను. అక్కడ ‘టీన్’ మీద పడాలి. మనం ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. వాళ్లు ఒక్కదాన్ని ఒత్తి పలికి, మిగతావి మింగేస్తారు. వినేవాళ్లు ఆ ఒత్తిన చోటును పట్టుకునే మాటను గుర్తుపడతారు. చెల్లీ, ‘వోన్లీ’ గురించి టెన్షన్ వద్దు, ఇది మాత్రం నేర్చుకో.

కరీంనగర్ టీచర్:
అది నిజమే బాబూ. జెన్నిఫర్ జెంకిన్స్ అనే భాషా పరిశోధకురాలు కూడా 2000లో ఒత్తి పలకడం ముఖ్యమనే రాశారు, కాకపోతే మాటలోని అక్షరం కన్నా వాక్యంలోని మాట గురించి: ‘థింక్’లోని మొదటి ధ్వని తేడా వచ్చినా అర్థం చెడదు, వాక్యంలో ముఖ్యమైన మాటను ఒత్తి పలకకపోతే చెడుతుంది. కానీ ఆ జడ్జి తగ్గించింది దానికి కాదే! అర్థానికి అడ్డురాని దానికి మార్కులు పోతే పల్లె పిల్లలు ఇక స్టేజీ ఎక్కరు. నా బాధ అదే.

హన్మకొండ విద్యార్థిని:
అన్నా, డిక్షనరీలో చూశాను. ‘అగ్రికల్చర్’లో బరువు మొదటి అక్షరం మీద, ‘అగ్రికల్చరల్’లో ‘కల్’ మీద. నేను రెండూ ఒకేలా పలికాను, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు! వచ్చేసారి వీటికి పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. మేడమ్, మార్కులు దేనికి ఎన్నో ముందే చెప్పమని కాలేజీకి లెటర్ రాస్తున్నాను. ‘వోన్లీ’ మాత్రం మార్చుకోను.