మొదటి రీఫ్ ట్యాంకుకి నీళ్ళు: గోపాల్‌పూర్ సముద్రం నుంచా, సాల్ట్ మిక్సా?

గంజాం_కొత్త
అందరికీ నమస్కారం. ఉండేది బరంపురంలో. 3 అడుగుల ట్యాంకు సిద్ధంగా ఉంది, 120 లీటర్లు పడుతుంది. ముందు ఒక జత క్లౌన్ ఫిష్, తర్వాత మెత్తని పగడాలు పెంచాలని ఉంది. గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే కాబట్టి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే సరిపోతుందని కొందరంటున్నారు. కొత్తవాళ్ళు ఆ జోలికే పోవద్దని, సాల్ట్ మిక్స్ (నీళ్ళలో కరిగించి సముద్రపు నీరు చేసుకునే ఉప్పుపొడి) కొనుక్కోవాలని ఇంకొందరు. ఎవరి మాట వినాలి? కారణం కూడా చెప్పండి.

జయపురం_రీఫ్
తమ్ముడూ, మొదటి ఏడాది సాల్ట్ మిక్సే వాడు. సముద్రపు నీరు చెడ్డదని కాదు. ఈ నెల తెచ్చిన నీరు, మూడు నెలల తర్వాత తెచ్చిన నీరు ఒకటి కావు, చిక్కంతా అక్కడే ఉంది. రీఫ్‌కి ఉప్పదనం 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) ఉండాలి. వానాకాలంలో గంగ, మహానది, రుషికుల్య నీళ్ళు బంగాళాఖాతంలో కలిసి, వానలు వెనకపట్టాక ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగుతాయి. అప్పుడు మన తీరంలో పైనీటి ఉప్పదనం 30 కిందికి జారుతుంది. 28 ఉన్న నీరు తెచ్చావనుకో, తగ్గేది ఉప్పు ఒక్కటే కాదు. 35 దగ్గర 410 పీపీఎం (పది లక్షల భాగాల్లో 410) ఉండాల్సిన కాల్షియం 330కి, 1280 ఉండాల్సిన మెగ్నీషియం 1020కి పడిపోతాయి. పగడం ముడుచుకుంటే తప్పు లైటుదో, నీటి వేగానిదో, నీటిదో కొత్తవాడు కనిపెట్టలేడు. కనీసం నీరైనా ప్రతిసారీ ఒకేలా ఉంటే వెతకాల్సినవాటిలో ఒకటి తగ్గుతుంది.

రాళ్ళు, ఇసుక పోను నీ ట్యాంకులో నికరంగా 100 లీటర్లు ఉంటాయి. లీటరుకి సుమారు 38 గ్రాముల మిక్స్, అంటే 3.8 కిలోలు. డ్రమ్ములో ముందు ఆర్‌ఓ నీళ్ళు పోసి, పంపు ఆన్ చేసి, నీరు 25 డిగ్రీల దగ్గర ఉండగా ఉప్పు కొద్దికొద్దిగా వెయ్యి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున గాఢత ఎక్కువై కాల్షియం తెల్లగా విరిగిపోతుంది. అది మళ్ళీ కరగదు. వారానికి 10 లీటర్లు మార్చినా 20 కిలోల బకెట్ మొదటి నింపుడు పోను దాదాపు పది నెలలు వస్తుంది.

గోపాల్‌పూర్_తీరం
అన్నా, మీరు చెప్పింది అక్టోబరు సముద్రం. వానలకి ముందు, ఏప్రిల్ మే నెలల్లో ఇదే తీరంలో నీరు ఏడాదిలోకెల్లా చిక్కగా ఉంటుంది. అప్పుడు తెచ్చి ఆహారానికి వాడే రకం డ్రమ్ముల్లో 300 లీటర్లు మూతపెట్టి చీకట్లో ఉంచుకుంటే వానాకాలం గడిచిపోతుంది. నీరు చెడ్డదనేవాళ్ళు ఎక్కువమంది స్నానాల రేవులో, అలల్లో ముంచి తెచ్చిన నీటిని చూసి అంటున్నారు.

ఎక్కడ ముంచామన్నదే అసలు సంగతి. పోర్టు దగ్గరొద్దు, రుషికుల్య మొగ దగ్గరొద్దు. గోపాల్‌పూర్‌లో వేటకెళ్ళే నోలియాలు మన తెలుగువాళ్ళే, పడవ మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి పోయాక క్యాన్లు నింపి తెమ్మంటే తెస్తారు. క్యాన్లు మాత్రం మనవే ఇవ్వాలి, డీజిల్ పోసిన క్యానుని ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు. ఇంటికొచ్చాక 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, 100 లీటర్లకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) 20 మిల్లీలీటర్లు కలపాలి. క్లోరిన్ 10 పీపీఎం అవుతుంది. 24 గంటలు ఎయిర్ స్టోన్ నడిపి, మిగిలిన క్లోరిన్‌ని సోడియం థయోసల్ఫేట్‌తో తీసేయాలి. 10 పీపీఎం మొత్తం మిగిలి ఉన్నా 7 గ్రాములు చాలు. రొయ్యల హేచరీలు నీటిని ఇలాగే శుద్ధి చేస్తాయి. సువాసన కలిపిన, సబ్బు కలిపిన బ్లీచ్ వద్దు. కిట్‌తో క్లోరిన్ సున్నా అని తేలాకే నీరు ట్యాంకులోకి పోవాలి. ఇన్ని చేసినా ఆ నీటి ఖర్చు మిక్స్ ఖర్చులో కొంతే.

రాయగడ_అక్వా
తీరం గారూ, మీ పద్ధతి సరైనదే, కానీ అది కొత్తవాడి పద్ధతి కాదు. బ్లీచ్ కొలత, క్లోరిన్ పరీక్ష, ఉప్పదనం సరిచేయడం, వీటిలో ఒక్కటి తప్పినా మొదటి వారంలోనే చేప పోతుంది. ఇక్కడ మాకు సముద్రమే లేదు కాబట్టి చర్చే లేదనుకోండి. అయినా ఒడ్డున ఉన్నవాళ్ళకీ మొదట మిక్సే చెబుతాను.

జయపురం అన్న ఒక మాట వదిలేశాడు. మిక్స్ ఎంత మంచిదైనా కలిపే నీటిని బట్టే ఫలితం. వంటింటి ఆర్‌ఓలో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కంట్రోలర్ ఉంటుంది, అది కొంత బోరు నీటిని పక్కదారిన కలిపేస్తుంది. మీటరు పెడితే 40, 60 చూపిస్తుంది. ఆ కంట్రోలర్ పూర్తిగా మూసి, చివర మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం బిగించి, 0 వచ్చాకే వాడాలి. లేదంటే బోరు నీటిలోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ వారంవారం ట్యాంకులో చేరి గోధుమ పాచి, ఆ తర్వాత జుట్టు పాచి పడతాయి. ఇవి చూసి జనం ఉప్పుని తిడతారు.

ఇంకొకటి, ఆవిరైన నీటి బదులు పోయాల్సింది మంచి ఆర్‌ఓ నీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. 100 లీటర్ల ట్యాంకు మీద ఫ్యాను పెడితే రోజుకి 3 లీటర్ల దాకా పోవచ్చు. ఐదు రోజులు పోయకపోతే 35 కాస్తా 41 అవుతుంది. గాజు మీద గీత పెట్టుకుని రోజూ ఆ గీత దాకా పోయాలి.

గోపాల్‌పూర్_తీరం
ఆర్‌ఓ సంగతి ఒప్పుకుంటాను. కానీ మిక్స్ అంటే ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్న భరోసా ఒడ్డున చెల్లదు. మన వానాకాలపు తేమకి మూత సరిగ్గా పడని బకెట్ రెండు వారాల్లో గడ్డకడుతుంది. తేమ పట్టిన ఉప్పుని తూకం వేసి కలిపితే బరువులో నీరు కూడా ఉంటుంది, ఉప్పదనం తక్కువ వస్తుంది. రవాణాలో సన్నపొడి, రవ్వ విడిపోతాయి. వాడే ముందు బకెట్‌ని బాగా దొర్లించాలి, కొన్న రోజే గాలిచొరని డబ్బాల్లోకి పంచుకోవాలి.

పర్లాకిమిడి_మాస్టారు
మీరంతా నీటి దగ్గరే ఆగిపోయారు బాబూ. నీరు ఏదైనా దాన్ని కొలిచే పరికరం సరిగ్గా ఉండాలి. ఉప్పదనం కొలిచే, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌కి ఒక్క బుడగ అంటుకున్నా రీడింగ్ తప్పు. రిఫ్రాక్టోమీటర్ (నీటిలో వెలుగు వంగే తీరుతో ఉప్పదనం చూపేది) కొనండి, దాన్ని ఆర్‌ఓ నీటితో సున్నాకి సరిచేసి వదిలేయకండి, 35 దగ్గర తేడా చూపే అవకాశం ఉంటుంది. 36.5 గ్రాముల పొడి వంట ఉప్పుని (సాల్ట్ మిక్స్ కాదు) 963.5 గ్రాముల ఆర్‌ఓ నీటిలో కరిగిస్తే అది రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపాలి. ఆ నీటితోనే మరలు తిప్పి సరిచేయండి.

ఇక మన దగ్గర ట్యాంకుల్ని ముంచేవి వేడి, కరెంటు. 25 నుంచి 27 డిగ్రీలు కావాలి. ఫ్యాను చల్లబరచేది ఆవిరితో, మే నెలలో బరంపురం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను ఎంత తిప్పినా నీరు 28 కిందికి దిగడం కష్టం. నీటిని చల్లబరచే చిల్లర్ యంత్రమో, ఏసీ గదో లెక్కలో వేసుకునే మొదలుపెట్టండి. కొరాపుట్ కొండ మీద అయితే ఫ్యానే సరిపోవచ్చు, చలికాలంలో పైగా హీటరు కావాలి.

కరెంటు మాటకొస్తే, ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరే. జయపురం బాబు చెప్పినట్టు సముద్రపు నీరు పలచబడేదీ ఆ రోజుల్లోనే. అంటే తుఫానుకి ట్యాంకు దెబ్బతిని నీరు మార్చాల్సిన రోజునే సముద్రం అక్కరకు రాదు. మీది ఏ పక్షమైనా సెప్టెంబరు చివరికి 40 లీటర్ల సిద్ధమైన ఉప్పునీరు, బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. పంపులు ఆగితే కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇన్వర్టర్ ఉంటే లైటు, చిల్లర్ వదిలేసి నీటిని తిప్పే ఒక్క పంపుకే ఇవ్వండి.

గంజాం_కొత్త
చాలా థాంక్స్. ఇసుక, రాళ్ళయినా బీచ్‌లో ఏరుకోవచ్చా?

రాయగడ_అక్వా
వద్దు. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తవ్వేది మన తీరపు ఇసుకనే. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఉన్న ఇసుక అది. ఒక గట్టి అయస్కాంతాన్ని ఆ ఇసుకలో తిప్పి చూడండి, నల్ల రేణువులు గడ్డంలా వేలాడతాయి. ట్యాంకులో అవి పంపు లోపలి అయస్కాంతానికి చేరి, నీటిని తోసే రెక్క అయిన ఇంపెల్లర్‌ని అరగదీస్తాయి. గాజు తుడిచే అయస్కాంతానికి అంటుకుంటే తుడిచిన ప్రతిసారీ గీత పడుతుంది. పైగా బీచ్ ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కరగదు, పీహెచ్‌కి ఏ ఆసరా ఇవ్వదు. సున్నపు జాతి అరగొనైట్ ఇసుక 2, 3 సెంటీమీటర్ల మందాన వేయండి.

రాళ్ళు 10 కిలోల దాకా పొడి రాయి కొనండి. అడవి జంతువులకి ఉన్న 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే రాతి పగడాలకీ, సముద్రపు విసనకర్రలకీ (సీ ఫ్యాన్ అనే పగడాలకీ) వర్తిస్తుంది, సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. లైవ్ రాక్ (జీవాలు అంటుకున్న రాయి) పేరుతో వాటిని అంటగట్టే దుకాణాలున్నాయి, కొనొద్దు. పగడాల్లాంటి జోయాంథిడ్లు కొంటే గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో ఉడకబెట్టొద్దు. కొన్ని రకాల్లో ఉండే పాలిటాక్సిన్ ప్రాణానికే ముప్పు.

జయపురం_రీఫ్
తీరం తమ్ముడి ఏప్రిల్ నీళ్ళకి నాకు అభ్యంతరం లేదు, రెండో ఏడాది నుంచి. మొదటి ఏడాది మిక్సే అన్న మాట మీదే ఉన్నాను.

గోపాల్‌పూర్_తీరం
నేను మొదటి రోజు నుంచే అంటాను, పరీక్ష కిట్లు కొన్నవాడికి. కొననివాడు ఏ నీటితోనూ మొదలుపెట్టకూడదు. కొత్త తమ్ముడూ, ఏ నీరైనా తర్వాతి పని ఒకటే. రాళ్ళు, ఇసుక సర్ది, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియా 2 పీపీఎంకి తెచ్చి, ఆ అమ్మోనియాని తినే సీసా బాక్టీరియా పోసి, లైటు ఆపేసి ఆగు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకి దిగితే, మూడో వంతు నీరు మార్చి క్లౌన్ జత వెయ్యి. హేచరీలో పుట్టిన పిల్లలే అడుగు, సముద్రంలో పట్టినవాటికంటే పొడి మేత త్వరగా అందుకుంటాయి. పగడాలు ఇంకో రెండు నెలలు ఆగాక.