కాఫీ షాపులో ఒక ఆర్డరుకి గంటన్నర గడువు: న్యాయమేనా?

సగంకప్పు:
నేను వారానికి నాలుగు రోజులు వెళ్ళే కాఫీ షాపులో కొత్తగా బోర్డు పెట్టారు. ఒక ఆర్డరుకి గంటన్నర, శని ఆదివారాల్లో ల్యాప్‌టాప్ కూడదు. నిన్న కప్పులో ఇంకా కాఫీ ఉండగానే కుర్రాడు వచ్చి నా బల్ల తుడవడం మొదలెట్టాడు. తల కొట్టేసినట్టయింది. మళ్ళీ వెళ్ళాలా, మానేయాలా? మీరైతే ఏం చేస్తారు?

పాతచిట్టా:
మానేయండి. గడువు పెట్టాక అది కాఫీ షాపే కాదు. 16వ శతాబ్దం మధ్యలో ఇస్తాంబుల్‌లో కాఫీ ఇళ్ళు మొదలైనప్పుడు గోడల వెంట అరుగుల్లాంటివి వేసి జనాన్ని కూర్చోబెట్టారు. చదరంగం, కవిత్వం, కథలు, ఊరి కబుర్లు. సుల్తాను నాలుగో మురాద్ 1633లో వాటిని మూయించాడు. పైకి అగ్నిప్రమాదం సాకు, లోపల జనం గుమిగూడుతున్నారన్న భయం. లండన్‌లో 1652లో పాస్క్వా రోజీ కొట్టు పెట్టాక వీధివీధినా వెలిశాయి. ఒక్క పెన్నీ ఇస్తే చాలు, పత్రికలు చదువుకుంటూ ఎంతసేపైనా ఉండొచ్చు. అందుకే వాటికి ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అని పేరు. రెండో చార్లెస్ 1675 డిసెంబరు 29న అన్నీ మూసెయ్యమని ప్రకటన ఇచ్చి, గోల లేచేసరికి జనవరి 8న వెనక్కి తీసుకున్నాడు. రాజు లేపలేకపోయిన జనాన్ని మీ కుర్రాడు తడిగుడ్డతో లేపాడన్నమాట!

గల్లాపెట్టె:
ఆ పెన్నీ దగ్గరే ఆగండి పాతచిట్టా గారూ. అది దేనికి తీసుకున్నారు? లోపలికి రావడానికి. అంటే కూర్చున్నందుకు అప్పుడూ డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు గంటన్నర అంటే మాత్రం దౌర్జన్యమైపోయిందా?

పాతచిట్టా:
పెన్నీ కాఫీకి అండీ. కప్పు ధర అదే.

గల్లాపెట్టె:
ప్రవేశానికి. వేరే చదువుకోండి.

పాతచిట్టా:
రెండు రకాలుగానూ రాసినవాళ్ళున్నారు. ఏదైనా గంటల లెక్క లేదుగా! వియన్నాలో ఒక్క కప్పు తెప్పించుకుని పూటంతా కూర్చునే అలవాటు ఇప్పటికీ ఉంది. పక్కన గ్లాసుడు నీళ్ళు పెడతారు, చెక్క పట్టీకి బిగించిన పత్రికలు ఇస్తారు. ఆస్ట్రియా 2011లో ఆ అలవాటును తమ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

గల్లాపెట్టె:
ఇటలీ సంగతి కూడా చెప్పండి మరి. కౌంటరు దగ్గర నిలబడి రెండు గుక్కల్లో ఎస్ప్రెసో తాగి వెళ్ళిపోతారు. బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల రేటు వేరు. అది కాఫీ షాపు కాదా? మీకు నచ్చిన ఊరే చరిత్ర అంటే ఎలా?

నిద్రలేమి:
ఇంట్లో కాచుకు తాగండి, గొడవ వదులుతుంది.

మూడోకుర్చీ:
నేను లోపలి అలంకరణ పని చేస్తాను. బోర్డు పెట్టడం మా వృత్తిలో ఓటమి కిందే లెక్క. మనిషిని లేపాలంటే మాట అక్కర్లేదు. కుర్చీకి వీపు తీసేయండి, సీటు గట్టిది వేయండి, బల్ల చిన్నది చేయండి. ఇంకా తేలిక, సాకెట్లు తీసేయండి. బ్యాటరీ అయిపోతే అతనే లేస్తాడు, మీ మీద కోపం కూడా ఉండదు. చప్పుడు సంగతీ అంతే. సిమెంటు నేల, గాజు గోడ, తొడుగు లేని పైకప్పు. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. పక్కవాళ్ళ గోలకి మనం గొంతు పెంచుతాం, మన గోలకి వాళ్ళు పెంచుతారు. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు.
ఇక వియన్నా కాఫీ ఇళ్ళ కుర్చీ. టోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ 14వ నంబరు మోడల్, 1859. ఆవిరితో వంచిన బీచ్ కర్ర ముక్కలు ఆరు, మరలు పది, నట్లు రెండు. విడదీస్తే ముప్ఫై ఆరు కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. చవగ్గా తయారై, తేలిగ్గా రవాణా అయింది కాబట్టి ప్రపంచమంతా పాకింది. ఆ పూటంతా కూర్చోవడం వెనక ఇలాంటి ఫ్యాక్టరీ లెక్క ఒకటుంది.

పాతచిట్టా:
లొంబార్డ్ అనగానే గుర్తొచ్చింది, ఈ రెంటికీ సంబంధం లేదు లెండి. ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌసు 1691లో మారింది లండన్ లాంబార్డ్ వీధికే. ఓడల యజమానులు, బీమా రాసేవాళ్ళు రోజంతా అక్కడే కూర్చునేవాళ్ళు. ఆ కూర్చోవడంలోంచే లాయిడ్స్ బీమా సంస్థ పుట్టింది. గంటన్నరకి లేపేసి ఉంటే?

గల్లాపెట్టె:
వాళ్ళు కూర్చుంటే లాయిడ్‌కి వ్యాపారం పెరిగింది. ఓడల వార్తలు తెప్పించి పెట్టింది అందుకే. నా దగ్గర కూర్చున్నవాళ్ళ వల్ల నాకు పెరిగింది కరెంటు బిల్లు. ఐదేళ్ళు నడిపి మూసేసినవాణ్ణి, ఊహించి చెప్పడం లేదు.

పాతచిట్టా:
అదీ సంగతి. మీ షాపు మునిగిందని ప్రపంచంలో కాఫీ షాపులన్నిటికీ గడియారం కట్టాలా? నడపడం చేతకాక కస్టమర్ల మీద పడితే ఎలా?

గల్లాపెట్టె:
చేతకాకే. తొమ్మిది బల్లలు. ఒకాయన పొద్దున తొమ్మిదింటికి వచ్చి నలుగురు కూర్చునే బల్ల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పరిచి, ఒక్క కప్పుతో నాలుగు దాకా ఉండేవాడు. గుమ్మంలోంచి చూసి ఖాళీ లేదని వెనక్కి పోయేవాళ్ళని నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా లెమ్మనలేదు, మర్యాద కాదని. మూసే రోజు వచ్చి “అయ్యో, ఇంత మంచి చోటు మూసేస్తున్నారా” అన్నాడు. ఆయనకీ చరిత్ర బాగా తెలిసే ఉంటుంది.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. చేతకానితనం లాంటి మాటలు వద్దు.

వెన్నెలదారి:
ఒక మాట. ఆ పెన్నీ విశ్వవిద్యాలయాల్లో కొట్టు నడిపిన ఆడవాళ్ళున్నారు, వడ్డించినవాళ్ళున్నారు. బల్ల దగ్గర కూర్చుని వాదించినవాళ్ళు మాత్రం దాదాపు అందరూ మగవాళ్ళే. “ఒక్క పెన్నీ ఇస్తే చాలు” అని అంత ధీమాగా రాయకండి. ఇప్పుడు కూడా నేను ఒక్కదాన్నే గంట కూర్చుంటే ఎవరికోసం ఎదురుచూస్తున్నానో చుట్టూ అందరికీ కావాలి. 2018లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టార్‌బక్స్ కాఫీ షాపులో ఏమీ కొనకుండా స్నేహితుడి కోసం కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకుల్ని పోలీసుల చేత అరెస్టు చేయించారు. ఆ తర్వాతే ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చని ఆ కంపెనీ అక్కడ నియమం మార్చుకుంది. 2025లో మళ్ళీ కొన్నవాళ్ళకే అంది. గడువు ఉందా లేదా అన్నది కాదు నా బాధ. బోర్డు లేనిచోట ఎవరిని లేపాలో మేనేజరు ముఖం చూసి తేల్చుకుంటాడు. రాసిపెట్టిన గంటన్నరైతే నాకూ గంటన్నరే.

పాతచిట్టా:
వెన్నెలదారి గారు చెప్పింది ఒప్పుకుంటాను. గల్లాపెట్టె గారూ, నోరు జారాను. ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు మనిషి నేను కాదు గానీ, అలాంటివాణ్ణే. ఇంట్లో రెండు గదులు, ఆరుగురం, టీవీ ఆగదు. రెండేళ్ళు పరీక్షకి చదివింది ఒక కాఫీ షాపు మూల బల్ల దగ్గరే. లేపి ఉంటే ఎక్కడికి పోవాలో తెలీదు నాకు.

గల్లాపెట్టె:
చార్లెస్ రాజు కంటే ముందు ఇది చెప్పాల్సింది. ఆ మూల బల్లకి రెండేళ్ళు అద్దె ఎవరు కట్టారు, ఎప్పుడైనా అడిగారా? చదువుకోవడానికి చోటు లేకపోతే లైబ్రరీ రాత్రిదాకా తెరిచి ఉంచమని అడగాలి. అక్కడ అడగరు, నా దగ్గర కూర్చుంటారు.

పాతచిట్టా:
లైబ్రరీలో నిశ్శబ్దం. నాకు పక్కన మాటలు వినబడుతుంటేనే బుర్ర పనిచేస్తుంది.

వెన్నెలదారి:
మీరు మాట్లాడతారా?

పాతచిట్టా:
లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను.

వెన్నెలదారి:
ఇల్లూ ఆఫీసూ కాని చోటుకి ‘మూడో చోటు’ అని పేరు పెట్టిన సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ అక్కడ ముఖ్యమైన పని మాట్లాడుకోవడమే అన్నాడు. అందరూ మీలా కూర్చుంటే మీకు వినబడే మాటలు ఎవరు మాట్లాడాలి?

గల్లాపెట్టె:
పైగా పెన్నీ ప్రవేశానికే.

పాతచిట్టా:
కాఫీకి.

సగంకప్పు:
ఇవాళ మళ్ళీ వెళ్ళాను. బోర్డు తీసేశారు. సాకెట్లు కూడా. మూడోకుర్చీ గారూ, అది మీ పని కాదు కదా?