టామ్ లెహ్రర్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఒక మాట కోసం సాయం కావాలండీ. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడు ఇచ్చిన క్యాసెట్‌లో అమెరికన్ పాటల రచయిత టామ్ లెహ్రర్ పాటలు మొదటిసారి విన్నాను. ఆ ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. హార్వర్డ్‌లో లెక్కలు చదివి, 1953లో సొంత డబ్బుతో 400 రికార్డులు వేయించుకుని అమ్ముకున్న మనిషి. 2025 జులైలో, 97 ఏళ్ల వయసులో ఆయన పోయారని చదివి ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాను. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యమే కదలడం లేదు. 'హాస్య గాయకుడు' అంటే చిన్నబుచ్చినట్టుంది. 'వ్యంగ్య గాయకుడు' సరిపోతుందా?

జవాబు: 'వ్యంగ్యం' ఇప్పుడు వాడుకలో ఆ అర్థానికే స్థిరపడింది, తప్పు లేదు. కానీ అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం, అంతే. అందులో ఎత్తిపొడుపు ఉండాలని లేదు. 'అధిక్షేపం' చూడండి. మనకు అధిక్షేప శతకాలు ఉండనే ఉన్నాయి.

జవాబు: అధిక్షేపంలో కోపం బయటికి కనిపిస్తుందండీ. లెహ్రర్ గొంతు ఎప్పుడూ పెంచడు. 1965 నాటి రికార్డులో వెర్నర్ ఫన్ బ్రౌన్ మీద ఒక పాట ఉంది. హిట్లర్ జర్మనీకి వి-2 రాకెట్లు తయారుచేసి, యుద్ధం అయ్యాక అమెరికాకు రాకెట్లు కట్టిన శాస్త్రవేత్త ఆయన. పాటంతా ఆయన్ని వెనకేసుకొస్తున్నట్టే ఉంటుంది. రాకెట్లు పైకి లేపడం వరకే నా పని, అవి ఎక్కడ పడతాయో చూడడం నా శాఖ కాదు అని ఆయన చేతే అనిపిస్తాడు. లండన్ మీద పడ్డ రాకెట్లు గుర్తొచ్చి వినేవాడి ఒళ్లు జలదరిస్తుంది. నింద అనే మాటే రాదు. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు వ్యాజస్తుతి. వ్యాజమంటే నెపం, పొగడ్త నెపంతో నిందించడమన్నమాట.

రామదాసు 'ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు' అన్నది దీనికి సరిగ్గా తిరగేసిన రూపం: పైకి తిట్టు, లోపల భక్తి. కువలయానందం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం ఈ రెండింటినీ వ్యాజస్తుతి కిందే చేర్చింది. వాడుకలో రెండోదాన్ని నిందాస్తుతి అంటున్నాం కాబట్టి, లెహ్రర్‌కి వ్యాజస్తుతిని ఉంచుకోవచ్చు.

జవాబు: 'పేరడీ' అనకూడదా?

జవాబు: ఒకటి రెండింటికే. మూలకాల పేర్లన్నీ వరసగా కూర్చిన పాటకు బాణీ ఆర్థర్ సలివన్ అనే ఇంగ్లిష్ స్వరకర్తది. మిగతా బాణీలు చాలావరకు లెహ్రర్ సొంతం.

ప్రశ్న అడిగినవారు: వ్యాజస్తుతి! ఇన్నేళ్లూ నాకు నచ్చింది సరిగ్గా అదే, పేరు తెలియలేదు. మరి 'గాయకుడు' బదులు 'వాగ్గేయకారుడు' అంటే? మాట, బాణీ రెండూ కట్టి, పియానో దగ్గర కూర్చుని తానే పాడాడు కదా. అన్నమయ్యకు, త్యాగయ్యకు వాడే మాట అని జంకుతున్నాను.

జవాబు: జంకక్కర్లేదు. మాతువు, ధాతువు, అంటే సాహిత్యమూ స్వరమూ, రెండూ కూర్చగలవాడని శాస్త్రం చెప్పింది. దేవుడి మీదే పాడాలని చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మొదలుపెడుతున్నాను: 'వ్యాజస్తుతిని పియానో మీద పలికించిన వాగ్గేయకారుడు టామ్ లెహ్రర్. 2020లో తన పాటల సాహిత్యాన్నీ, 2022లో మిగిలిన హక్కులన్నీ వదులుకుని, ఎవరైనా పాడుకోండని లోకానికి ఇచ్చేశాడు.' 'ఇచ్చేశాడు' అని ఏకవచనం వాడాను. ఇష్టమైనవాళ్లను మనం అలాగే అంటాం కదా, ఉంచేస్తున్నాను.