లిస్టులో 19 విమానాలు, మ్యాప్‌లో నాలుగే. ఆంప్లిఫయర్ పెడితే ఇంకా తగ్గాయి, ఎందుకు?

హనుమకొండ కుర్రాడు:
అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఆర్‌టీఎల్‌-ఎస్‌డీఆర్ డాంగుల్‌తో (యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్) విమానాల ఏడీఎస్‌-బి సిగ్నల్, అంటే విమానం తన వివరాలు తానే రేడియోలో చెప్పే సందేశాలు, పట్టుకుంటున్నాను. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్లో, ఆ సందేశాల్ని విప్పే రీడ్‌ఎస్‌బీ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మాది రెండంతస్తుల డాబా. ఏంటెన్నా పిట్టగోడ మీద ఉంది, అక్కణ్ణుంచి కింది గదిలోకి 12 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ దించాను. లిస్టులో 19 విమానాలుంటే మ్యాప్ మీదికి వచ్చేవి నాలుగు. రేంజ్ 60 కిలోమీటర్లు దాటట్లేదు. సిగ్నల్ చాలట్లేదేమోనని డాంగుల్ దగ్గర ఆంప్లిఫయర్ తగిలించాను. డబ్బులు పోయాయి, మ్యాప్‌లో విమానాలు రెండుకి దిగాయి. గెయిన్ (డాంగుల్ లోపల సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) మాక్స్‌లోనే ఉంది. ఇంకేం పెంచాలి?

డాబా రేడియో:
తమ్ముడూ, ముందు పెంచడం ఆపు. మీ ఇంటి దగ్గర్లో సెల్ టవర్ ఉందా?

నువ్వు చెప్పేలోపు లిస్టు, మ్యాప్ సంగతి చూద్దాం. విమానం తానెక్కడుందో సెకనుకు రెండుసార్లు చెబుతుంది. కానీ పూర్తి అక్షాంశ రేఖాంశాలు ఒక్క సందేశంలో పట్టవు. అందుకే ‘సరి’ సందేశం ఒకటి, ‘బేసి’ సందేశం ఒకటి మార్చి మార్చి పంపుతుంది. దాదాపు పది సెకన్లలోపు ఆ జత దొరికితేనే సాఫ్ట్‌వేర్ మ్యాప్ మీద మొదటి చుక్క పెట్టగలదు. ఆ తర్వాత ఒక్కోటి అందినా నడిచిపోతుంది. పైగా నీ లిస్టులో ఉన్నవాటిలో కొన్ని, రాడార్ అడిగితే విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పెట్టె ఇచ్చే పొట్టి జవాబుల వల్ల వచ్చినవే. ఆ జవాబుల్లో ఎత్తు ఉండొచ్చు, స్థానం మాత్రం ఉండదు. అవి 56 బిట్లు, స్థానం చెప్పేవి 112. గోలలో పొడుగు మాటే ముందు చెడుతుంది. నాలుగూ పంతొమ్మిదీ తేడా అక్కడిది.

హనుమకొండ కుర్రాడు:
ఉందన్నా. వెనకింటి మేడ మీదే. మా ఏంటెన్నాకి 40 మీటర్లు కూడా ఉండదు.

డాబా రేడియో:
దొంగ దొరికాడు. మనం వినేది 1090 మెగాహెర్ట్జ్. టవర్లు 935 నుంచి 960 మధ్య కూడా ప్రసారం చేస్తుంటాయి, అది మనకి పక్కిల్లే. బారాత్‌లో డీజే పక్కన నిలబడి వీధి చివర నుంచి అమ్మ పిలుపు వినాలనుకుంటున్నావు. వినపడక చెవికి మైకు పెట్టుకున్నావు. డీజే కూడా పెరిగింది, అంతే. డాంగుల్ లోపలి ట్యూనర్ ఆ హోరుకి ఉక్కిరిబిక్కిరవుతోంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆంప్లిఫయర్ తీసేయ్. గెయిన్‌ని 49.6 నుంచి ఒక్కో మెట్టూ దించు: 44.5, 40.2, 36.4, 33.8. ఒక్కో చోట పావుగంట ఆగి ఎన్ని సందేశాలు వచ్చాయో రాసుకో. గెయిన్ తగ్గిస్తుంటే సందేశాలు పెరిగాయంటే నా అనుమానం నిజమన్నట్టే. రాత్రి రెండింటికీ సాయంత్రం ఏడింటికీ పోల్చకు, ఆకాశంలో రద్దీ వేరు.

విశాఖ అక్క:
డాబా రేడియో గారి మాటకి ఇంకో రెండు కలుపుతాను. నీ ఆర్‌జీ-58 కేబుల్‌ని ఈ పనికి వాడకు. ఆ పౌనఃపున్యంలో 12 మీటర్లు దాటేసరికి సిగ్నల్‌లో నాలుగో వంతు కూడా మిగలదు. డిష్ టీవీకి వేసే ఆర్‌జీ-6 తెచ్చుకో, సగానికి పైనే మిగులుతుంది. అది 75 ఓములు, మన సామాను 50 ఓములు అని కంగారుపడొద్దు. ఆ తేడాతో పోయేది నామమాత్రం.

ఆంప్లిఫయర్ కూడా దండగ కాలేదు, చోటే తప్పు. కేబుల్‌లో సిగ్నల్ పోయాక పెంచితే ఏం లాభం? పైన ఏంటెన్నా, దాన్నానుకుని 1090 ఫిల్టర్ (మిగతావి ఆపి 1090 చుట్టుపక్కలే వదిలేది), ఆ తర్వాత ఆంప్లిఫయర్, అక్కణ్ణుంచి కేబుల్. ఫిల్టర్ ముందుంటే కొంచెం సిగ్నల్ పోతుందని కొందరు వాదిస్తారు. ఊరవతల పొలంలో ఉంటే నేనూ ఒప్పుకుంటాను, 40 మీటర్లలో టవర్ పెట్టుకుని మాత్రం కాదు. డాంగుల్‌కి బయాస్-టీ ఉంటే అదే కేబుల్లో పైనున్న ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇవ్వచ్చు.

ఏంటెన్నా ఇంట్లోనే చేసుకోవచ్చు. 6.9 సెంటీమీటర్ల రాగి తీగ నిట్టనిలువుగా ఒకటి, కింద అదే కొలతలో నాలుగు, 45 డిగ్రీలు వంచి. విమానాల సిగ్నల్ నిలువు ధ్రువణంలో ఉంటుంది, అంటే తరంగం నిలువుగా ఊగుతుంది కాబట్టి ఏంటెన్నాని పడుకోబెట్టకు. ఉరుములప్పుడు మాత్రం కేబుల్‌ జోలికి పోకు. వాన సూచన ఉంటే ముందే విప్పేయాలి.

హనుమకొండ కుర్రాడు:
వారం తర్వాత రాస్తున్నాను. ఆంప్లిఫయర్ పీకేసి గెయిన్ 33.8కి దించగానే మ్యాప్ మీద 13 కనిపించాయి! తర్వాత ఫిల్టరూ డిష్ కేబులూ వేసి, ఆంప్లిఫయర్‌ని పైకెక్కించాను. నిన్న 290 కిలోమీటర్ల దూరంలోది దొరికింది. ఒకటే సందేహం. శంషాబాద్‌లో దిగేవి నేల తాకకముందే మాయమవుతున్నాయి. ఇదీ టవర్ పనేనా?

డాబా రేడియో:
పాపం, దీనికి టవర్‌ని తిట్టకు. శంషాబాద్ మీకు దాదాపు 145 కిలోమీటర్ల దూరం. విమానం కిందికి దిగేకొద్దీ భూమి వంపు అడ్డొస్తుంది. 35 వేల అడుగుల మీద ఎగిరేదైతే లెక్క ప్రకారం 425 కిలోమీటర్ల దాకా కనపడాలి, కాబట్టి నీకింకా జాగా ఉంది. ఏంటెన్నాని పిట్టగోడ మీంచి తీసి వాటర్ ట్యాంకు మీద పెట్టి చూడు. టవర్ వైపు కాకుండా ట్యాంకుకి అవతలి అంచున పెట్టు.